డౌనీలో పసుపు కమానులు

మా అబ్బాయి ఉండేది కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో. మేం వెళ్లి మూడు వారాలైనా మాల్స్, పార్కులు, తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాలు తప్ప చూసిందేమీ లేదు. ఒక శనివారం పొద్దున్నే వాడు "నాన్నా, ఇవాళ మీకు నచ్చే చోటికి తీసుకెళ్తా" అన్నాడు. ఎక్కడికిరా అంటే, లాస్ ఏంజెలెస్ పక్కన డౌనీ అనే ఊళ్లో పాత మెక్‌డొనాల్డ్స్ ఉందన్నాడు. బర్గర్ కొట్టు చూడ్డానికి ఇంత పెట్రోలా అని మా ఆవిడ నా వైపు చూసింది. నేనేమీ అనలేదు కానీ నాకూ అలాగే అనిపించింది.

కారు దిగాక ఆ మాట మర్చిపోయాను. ముందువైపు ఎత్తుగా, వెనక్కి వాలుగా ఉన్న కప్పు. ఎరుపు, తెలుపు చారల పలకలు. రెండు పక్కలా కప్పును చీల్చుకుని పైకి లేచినట్టున్న పసుపు కమానులు. బయట నిలబడి కిటికీ దగ్గరే ఆర్డర్ ఇవ్వాలి. ఇది 1953 ఆగస్టు 18న తెరిచిన కొట్టు. ఇప్పటికీ నడుస్తున్న మెక్‌డొనాల్డ్స్‌లలో ఇంతకంటే పాతది లేదు. కమానులు పెట్టాలన్న ఆలోచన ఈ కంపెనీ మొదలుపెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన రిచర్డ్ మెక్‌డొనాల్డ్‌ది, బిల్డింగ్ గీసింది స్టాన్లీ మెస్టన్ అనే ఆర్కిటెక్ట్.

"నాన్నా, ఇటు రండి" అంటూ వాడు నన్ను ఫుట్‌పాత్ మూలకు లాక్కెళ్లాడు. నాలుగడుగులు పక్కకి జరిగేసరికి రెండు కమానులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఎం అక్షరం అయ్యాయి. ఇన్నేళ్లుగా హైదరాబాద్‌లో చూస్తున్న ఆ అక్షరం పేరులోని మొదటి అక్షరమే అనుకున్నాను. అది ఒక బిల్డింగ్ బొమ్మ అని తెలియదు.

రోడ్డు వైపు 60 అడుగుల నియాన్ బోర్డు ఉంది, 1959 నాటిది. దాని మీద పరిగెత్తే వంటవాడి పేరు స్పీడీ. జోకర్ బొమ్మ రాకముందు ఇతనే వాళ్ల గుర్తు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. మెక్‌డొనాల్డ్ అన్నదమ్ములు శాన్ బెర్నార్డినోలో బాగా నడుస్తున్న హోటల్‌ని 1948లో మూసేసి, కార్ల దగ్గరికి తెచ్చిచ్చే అమ్మాయిల్ని మానిపించి, తొమ్మిది ఐటమ్స్‌తో మళ్లీ తెరిచారు. బర్గర్ 15 సెంట్లు. తర్వాత కొత్త వంటగది కట్టేముందు టెన్నిస్ కోర్టు మీద సుద్దముక్కతో గీసి, పనివాళ్లని అందులో అటూ ఇటూ నడిపించి చూశారట. నేను ముప్పై రెండేళ్లు ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసినవాణ్ణి. ఈ ముక్క నాకు బర్గర్ కంటే రుచిగా ఉంది.

మరి ఇదొక్కటే ఎలా మిగిలింది? ఎవరో ముందుచూపుతో కాపాడారనుకున్నాను. అదేం కాదు. దీని అగ్రిమెంటు అన్నదమ్ములతో నేరుగా జరిగింది, తర్వాత వ్యాపారాన్ని పెంచిన రే క్రాక్ కంపెనీతో కాదు. మిగతా కొట్లన్నీ కంపెనీ చెప్పినట్టు రూపం మార్చుకుంటుంటే, దీనికి చెప్పే హక్కు వాళ్లకి లేకపోయింది. 1990లో గానీ కంపెనీ చేతికి రాలేదు. 1994 భూకంపం తర్వాత మూతపడితే, ఇక కూల్చేస్తారనుకున్నారు. జనం గొడవ చేశారు. అమెరికాలో ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాల జాబితాలో ఆ ఏడాది ఈ బర్గర్ కొట్టూ చేరింది. చివరికి కంపెనీయే బాగుచేయించి 1996లో తెరిచింది.

ఫ్రైస్ తీసుకోబోతే అబ్బాయి ఆపాడు, అమెరికాలో వాటికి బీఫ్ ఫ్లేవర్ కలుపుతారట. యాపిల్ పై తెచ్చాడు. అమెరికాలో చాలాచోట్ల ఓవెన్‌లో కాలుస్తారు, ఇక్కడ మాత్రం పాత పద్ధతిలో నూనెలో వేయిస్తారు. "మన కజ్జికాయే కదండీ" అంది మా ఆవిడ, నోరు కాలిందని విసుక్కుంటూనే. రెండోది అడిగింది.

అక్కణ్ణుంచి ఫైర్‌స్టోన్ రోడ్డు మీద బాబ్స్ బిగ్ బాయ్ బ్రాయిలర్ అనే హోటల్‌కి వెళ్లాం. 1958లో హార్వీస్ బ్రాయిలర్‌గా మొదలై, జానీస్ అయి, చివరికి పాత కార్లు అమ్మే చోటైంది. 2007 జనవరిలో ఒక ఆదివారం పర్మిషన్ లేకుండా కూల్చడం మొదలుపెట్టారు. ఆదివారమే ఎందుకో నాకెవరూ చెప్పక్కర్లేదు, ఆఫీసులుండవు. ఆపించేసరికి చాలా భాగం పోయింది. మిగిలినదానికి కలిపి కట్టి 2009లో తెరిచారు. అందంగానే ఉంది. కానీ కొత్త గోడ ఎక్కడ మొదలైందా అని వెతుకుతూనే ఉన్నాను. పాత అలవాటు.

తిరుగుదారిలో అబ్బాయి ఇంకోటి చెప్పాడు. మెక్సికన్ తిండి అమ్మే టాకో బెల్ కంపెనీ మొట్టమొదటి కొట్టు కూడా డౌనీలోనే, 1962లో గ్లెన్ బెల్ పెట్టాడు. కమానులు, పైన పెంకులు. కూల్చేస్తారన్న భయంతో 2015 నవంబరులో బిల్డింగ్‌ని అలాగే లేపి, ట్రక్కు మీద పెట్టి, రాత్రికి రాత్రి 45 మైళ్లు నడిపించి ఇర్వైన్‌లోని కంపెనీ ఆఫీసుకి చేర్చారు.

"ఎంతుంటుందిరా అది?"

"నాలుగు వందల చదరపు అడుగులట."

గుంటూరు దగ్గర రోడ్డు వెడల్పు పనిలో నేను మార్కింగ్ వేయించిన పెంకుటింటి హోటల్ కూడా దాదాపు అంతే. ఎర్ర పెయింటు గీత గోడ మధ్యలోంచి పోయింది. గీత ఆరకముందే యజమాని మా అందరికీ పెసరట్లు పెట్టాడు, డబ్బులు తీసుకోలేదు. ట్రక్కు మాట ఆ రోజు చెప్పుంటే నవ్వేవాణ్ణి.

కిలోమీటరు 14/6, ఎడమవైపు. అది ఇప్పటికీ గుర్తుంది. హోటల్ పేరు ఇర్వైన్ చేరేదాకా ఆలోచించినా గుర్తు రాలేదు.