సిగ్నల్ లేని ఊళ్లో మా డబ్బా

పాడేరు నుంచి మా క్లినిక్‌కి వచ్చే దారిలో చివరి ఘాట్ మలుపు దాటామంటే ఫోన్‌లో సిగ్నల్ పోతుంది. కాల్ చేయాలంటే బడి వెనక మిట్ట ఎక్కాల్సిందే. నేనిక్కడ ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే ఊరి క్లినిక్ చూసుకునే ఆరోగ్య ఉద్యోగిగా, చేరి మూడేళ్లయింది. మొదట్లో ఏ సందేహం వచ్చినా నోట్‌బుక్‌లో రాసుకుని, మీటింగ్‌కి పాడేరు వెళ్లినప్పుడు వెతుక్కునేదాన్ని. అప్పటికి ఆ పేషెంట్ సంగతి ఎటో ఒకవైపు తేలిపోయి ఉండేది.

కిందటి సంక్రాంతికి ఇంటికెళ్తే మా తమ్ముడు ఓ డబ్బా చేసిచ్చాడు. రాస్ప్‌బెర్రీ పై అని అరచేతిలో పట్టే కంప్యూటర్, అందులో ఒక మెమరీ కార్డు. పవర్ బ్యాంకు తగిలిస్తే అదే వైఫై ఇస్తుంది. దగ్గర్లో ఉన్నవాళ్లు ఫోన్ కలిపి బ్రౌజర్ తెరిస్తే లైబ్రరీ వస్తుంది, నెట్ అక్కర్లేదు. లోపల నడిచేది కివిక్స్. 2007లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. వికీపీడియాలోని వైద్య వ్యాసాలన్నిటినీ బొమ్మలతో సహా జిమ్ (ZIM) అనే రకం ఒకే ఫైలుగా కుదించి ఇస్తారు. ఒక సినిమా పట్టేంత జాగాలో అంత వైద్యం!

నాకైతే ప్రాణం లేచొచ్చింది. మా ఆశా అక్కలకు మాత్రం అందులో ఏమీ దొరకలేదు. అదంతా ఇంగ్లిషు. తెలుగు వికీపీడియా కూడా ఎక్కించాం కానీ, మాకు కావలసిన విషయాలు కొన్నిచోట్ల నాలుగు లైన్లతో ఆగిపోయాయి. పైగా మా కొండ మీది ఊళ్లలో ఇంట్లో మాట్లాడేది కువి. చదవడం రాని తల్లికి వ్యాసం ఏ భాషలో ఉంటే ఏం?

వానాకాలంలో ఒకరోజు విరేచనాలతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఒకామె వచ్చింది. ఓఆర్‌ఎస్ పట్టావా అంటే పట్టానంది. ఎలా కలిపావో చూపించమన్నాను. స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి, పెద్ద ప్యాకెట్ మొత్తం అందులో వేసింది. అది లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్. గ్లాసుడు నీళ్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లు వేరే ఉంటాయి. ఆమె ఎప్పుడో చూసింది ఆ చిన్న ప్యాకెట్ కలపడమే. చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. ఆ తల్లి తప్పేముంది? లీటరు అని ప్యాకెట్ మీద ఉంది, చదివి చెప్పే మనిషి ఇంట్లో లేదు.

ఆ వారమే మా ఆశా అక్కను కూర్చోబెట్టి ఫోన్‌లో వీడియో తీశాను. లీటరు వాటర్ బాటిల్, పెద్ద ప్యాకెట్, ఆమె చేతులు, ఆమె కువి మాట. రెండు నిమిషాలు. మొదటిసారి తీసింది పడేశాం, చేతులు కడుక్కోవడం మర్చిపోయింది. "మేడం, మళ్లీ తీద్దాం, అందరూ అదే నేర్చుకుంటారు" అని అక్కే అంది. ఇప్పుడు టీకాల రోజున డబ్బాను క్లినిక్ కిటికీలో పెడితే, అరుగు మీద కూర్చున్న తల్లులు ఎక్కువగా అడిగేది ఆ వీడియోనే. తమకు తెలిసిన గొంతు కదా. నేను వంద సార్లు తెలుగులో చెప్పినా అంత శ్రద్ధగా వినలేదు.

ఇలాంటి డబ్బా పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క మాట చెప్పాలి. కార్డులో ఉన్నది దానంతట అది మారదు. వైద్యంలో సలహాలు మారుతుంటాయి, పాత ఫైలు పాత సలహానే చెబుతుంది. జిమ్ ఫైలు పేరు చివర సంవత్సరం, నెల ఉంటాయి. నేను ఆ నెలను ప్లాస్టర్ ముక్క మీద రాసి డబ్బాకు అంటించాను. పాడేరు వెళ్లినప్పుడు కొత్తది వచ్చిందేమో చూసి, వస్తే రాత్రి లాడ్జి వైఫైలో డౌన్‌లోడ్‌కి పెట్టుకుంటాను.

వచ్చే మంగళవారం సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి తీస్తున్నాం. ఆ జబ్బున్న పిల్లలకు నీళ్లు ఎందుకు ఎక్కువ తాగించాలి, జ్వరం వస్తే ఎందుకు ఆగకూడదు, ఈ రెండే. స్క్రిప్టు తెలుగులో రాసిచ్చాను. కువిలో ఎలా చెప్పాలో అక్క వాళ్లమ్మను అడిగి వస్తానంది.