నా ఎడమ చేతి గురువులు

నచ్చిన జాజ్ ఆల్బమ్‌లు చెప్పమంటే నాకొక ఇబ్బంది. పియానో రికార్డు ఏది పెట్టినా నా చెవి ముందు ఎడమ చేతి మీదికే పోతుంది. పైన కుడి చెయ్యి ఎంత అద్భుతంగా పరుగులు తీస్తున్నా సరే, కింద రెండోది ఏం చేస్తోంది, ఎక్కడ ఊరుకుంటోంది అని వింటూ కూర్చుంటాను. కాబట్టి ఈ లిస్టు వంకరగానే ఉంటుంది. మహామహులు చాలామంది ఇందులో లేరు. ఆర్ట్ టేటమ్ అసలే లేడు. ఆయనని విని దణ్ణం పెట్టుకోవడమే తప్ప నేర్చుకునే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

మొదటి గురువు రెడ్ గార్లాండ్. ఆయన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ క్వింటెట్‌లో, అంటే ఐదుగురి బృందంలో, పియానిస్టు. 1956లో ఆ క్వింటెట్ మే నెలలో ఒక రోజు, అక్టోబరులో ఒక రోజు స్టూడియోకి వెళ్లి నాలుగు ఆల్బమ్‌లకి సరిపడా సరుకు రికార్డ్ చేసేసింది. ఆ నాలుగింట్లో నాది 'రిలాక్సిన్'. మొదటి ట్రాక్ 'ఇఫ్ ఐ వర్ ఎ బెల్' మొదలయ్యేది గార్లాండ్ పియానో మీద కొట్టే గడియారం గంటలతో. అది అందరూ గుర్తుపెట్టుకుంటారు. నేను పడిపోయింది మాత్రం ఆయన సోలోలో ఎడమ చేతికి. నాలుగు బీట్లలో రెండోది, నాలుగోది పడ్డాక, తర్వాతి బీటు వచ్చేలోపు సగం బీటు ఖాళీ ఉంటుంది కదా, సరిగ్గా అక్కడ చిన్న కార్డు (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు) ఒకటి వేస్తాడు. మళ్లీ అక్కడే. మళ్లీ అక్కడే. పాట తొందరపడదు, కానీ ఎవరో వెనకనుంచి మెల్లగా తోస్తున్నట్టు ముందుకి పోతూనే ఉంటుంది. స్పీడుగా ఉన్నప్పుడు ఇది ఎలాగోలా వచ్చేస్తుంది. టెంపో తగ్గించి వాయించమనండి, అప్పుడు తెలుస్తుంది ఎవరి తాళం ఎంతో. నా దగ్గర నేర్చుకునే పిల్లలకి నేను పెట్టే పరీక్ష ఇదే, వాళ్లు నన్ను తిట్టుకునేదీ దీనికే.

సోలో చివరికొచ్చేసరికి గార్లాండ్ కుడి చేత్తో ఆక్టేవ్ (ఒకే స్వరం కిందదీ, పైదీ) పట్టి మధ్యలో ఐదో స్వరం ఇరికిస్తాడు. ఆ ఐదో స్వరం ఒక్కోసారి కింద కార్డుతో పొసగదు. కాగితం మీద చూస్తే తప్పే. చెవికి మాత్రం గంటలా మోగుతుంది.

గార్లాండ్‌ని అహ్మద్ జమాల్ అనే ఇంకో పియానిస్టులా వాయించమని మైల్స్ చెప్పేవాడట. ఎందుకో తెలియాలంటే 'ఎట్ ద పర్షింగ్' వినాలి. 1958 జనవరిలో షికాగోలోని పర్షింగ్ లాంజ్‌లో జమాల్ ట్రయో, అంటే ముగ్గురి బృందం, రికార్డ్ చేసిన ఆల్బమ్ అది. అప్పట్లో కొందరు విమర్శకులు దీన్ని కాక్‌టెయిల్ పియానో (బార్లో కబుర్ల వెనక మోగే సంగీతం) అని తీసిపారేశారు. 'పాయిన్‌సియానా' ఎనిమిది నిమిషాలు సాగుతుంది, అందులో జమాల్ చేతులు ఎత్తేసి ఊరుకున్న చోట్లు వెతుక్కుంటూ వినండి. వర్నెల్ ఫోర్నియర్ డ్రమ్స్, ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్ (అడుగు స్వరాలు పలికే పెద్ద తీగవాయిద్యం) నడుస్తూనే ఉంటాయి, పియానో ఉండదు. వాయించగలిగి వాయించకపోవడం చాలా కష్టం. నాకింకా రాలేదు.

ఇక బిల్ ఎవాన్స్. ఇక్కడ తొందరగా కదలను, ముందే చెబుతున్నా.

1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్క్‌లో నేలమాళిగలో ఉండే విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బు. మధ్యాహ్నం, రాత్రి కలిపి ఐదు సెట్లు. బేస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషియన్. రికార్డులో గ్లాసుల చప్పుడు, నవ్వులు, కబుర్లు అన్నీ వినిపిస్తాయి. ముందు ఏం జరుగుతోందో పట్టకుండా మాట్లాడుకుంటున్న ఆ జనం మీద నాకు కోపం, అసూయ రెండూ ఉన్నాయి. పదకొండు రోజులకి లఫారో కారు ప్రమాదంలో పోయాడు, 25 ఏళ్ల వయసులో. ఆ రోజు టేపుల నుంచి ముందు 'సండే ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్' వచ్చింది, లఫారో రాసిన ట్యూన్‌తో మొదలై, లఫారో రాసిన ట్యూన్‌తోనే ముగుస్తుంది. తర్వాత 'వాల్ట్జ్ ఫర్ డెబీ'. రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే రెండోది ఉంచుకుంటాను, 'మై ఫూలిష్ హార్ట్' కోసం.

ఎడమ చెయ్యి సంగతి చెబుతాను, పియానో దగ్గర ఉంటే వేళ్లు పెట్టి చూడండి. సి స్కేల్లో అతి మామూలు కార్డుల నడక: డి మైనర్, ఆ వెంటనే జి సెవెన్. పాఠాల్లో చెప్పినట్టయితే అడుగున డి, తర్వాత జి మోగాలి. ఎవాన్స్ ఆ అడుగు స్వరాన్నే వదిలేస్తాడు. డి మైనర్‌కి ఎఫ్, ఎ, సి, ఇ. జి సెవెన్‌కి ఎఫ్, ఎ, బి, ఇ. మారింది ఒక్క వేలు, సి నుంచి బికి. చెయ్యి ఉన్నచోటే ఉంది, కార్డు మారిపోయింది. ఇది ఆయన ఒక్కడే కనిపెట్టిందేం కాదు, గార్లాండ్ చేతిలోనూ, జమాల్ చేతిలోనూ ఉన్నదే. కానీ అడుగు ఖాళీ చేసి లఫారోకి ఎంత చోటు ఇచ్చాడో చూడాలి. లఫారో ఆ చోట్లో బీటుకొక స్వరం చొప్పున నడుస్తూ కూర్చోలేదు, పియానోకి ఎదురు మాట్లాడాడు, మధ్యలో అడ్డుపడ్డాడు, ఒక్కోసారి ఎవాన్స్ కంటే పైకెళ్లి పాడాడు. బేస్ వాయించేవాళ్లు మా పియానో వాళ్లని తిట్టే తిట్టు ఒకటే: "రూట్ (కార్డు అడుగు స్వరం) కూడా నువ్వే వాయిస్తే ఇంక నేనెందుకు?" దానికి జవాబు ఈ రెండు రికార్డులు.

మెకాయ్ టైనర్ దీనికి పూర్తిగా ఉల్టా. 'ద రియల్ మెకాయ్' (1967) పెట్టి 'పాషన్ డ్యాన్స్' వినండి. ఎడమ చెయ్యి పియానో అడుగున రెండు స్వరాల్ని ఢామ్మని కొట్టి, అవి మోగుతుండగానే పైకి ఎగిరి నాలుగేసి స్వరాల ఎడంలో పేర్చిన కార్డులు వేస్తుంది. వెనక ఎల్విన్ జోన్స్ డ్రమ్స్ ఉన్నప్పుడు అంత బలం లేకపోతే పియానో వినపడదు కూడా.

కీత్ జారెట్ 'కొలోన్ కాన్సర్ట్' గురించి అడగని వాళ్లు లేరు. జర్మనీలోని కొలోన్‌లో 1975 జనవరి 24న ఆయన ఒంటరిగా వాయించిన కచేరీ అది. ఆ రోజు అనుకున్న పియానో కాకుండా పాడైపోయిన చిన్న పియానో ఒకటి స్టేజి మీద ఉంది. దాని పై స్వరాలు పలచన, అడుగున బలం లేదు. కచేరీ ఏర్పాటు చేసిన వెరా బ్రాండెస్‌కి 18 ఏళ్లు. జారెట్ మధ్య స్వరాలు పట్టుకుని, ఎడమ చేత్తో ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయించాడు. మొదటి భాగంలో ఎ మైనర్, జి, ఈ రెండు కార్డుల మధ్యే చాలాసేపు ఊగుతాడు. నిజం చెప్పాలంటే ఆల్బమ్ మొత్తం ఏకధాటిగా వినే ఓపిక నాకిప్పుడు లేదు, ఆ ఊగే చోటు మాత్రం ఎప్పుడు పెట్టినా ఆపలేను. 2018లో రెండుసార్లు స్ట్రోక్ వచ్చి ఆయన ఎడమ చెయ్యి దెబ్బతింది. ఆ వార్త చదివిన రోజు నేను పియానో మూత తియ్యలేదు.

చివరి పేరు చాలామంది వినని పేరు, హోరేస్ పార్లన్. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి చెయ్యి కొంత పడిపోయింది. బేసిస్టు చార్లెస్ మింగస్ 'ఆ అమ్' (1959)లో ఉన్న పియానిస్టు ఆయనే, మీరు తెలియకుండానే వినుంటారు. కుడి చెయ్యి అందుకోలేని చోటికి ఎడమ చెయ్యి వచ్చి పని పూర్తి చేస్తుంది. సొంత ట్రయోతో చేసిన 'అస్ త్రీ' బాగుంటుంది, కానీ నేను ముందు పెట్టేది సాక్సోఫోన్ ఆర్చీ షెప్‌తో కలిసి చేసిన 'గోయిన్ హోమ్' (1977). ఎక్కువగా నల్లజాతివాళ్ల పాత భక్తిగీతాలు. బేస్ లేదు, డ్రమ్స్ లేవు. ఎవాన్స్ లఫారోకి అప్పజెప్పిన అడుగు స్వరాన్ని ఇక్కడ పార్లన్ తన ఎడమ చేత్తోనే మోయాలి, కార్డులూ అదే వెయ్యాలి, షెప్ ఊపిరి తీసుకునేదాకా ఆగడం కూడా అదే చూసుకోవాలి. ఈ మధ్య నేను వాయించేవన్నీ అందులోవే, 'డీప్ రివర్' ఒక్కటి తప్ప. దాని జోలికి ఇంకా పోలేదు.