నొప్పి లేదు కదా అని ఏడేళ్లు

పరాయి దేశం వచ్చిన ఏడేళ్లలో నేను పళ్ల డాక్టర్ గుమ్మం తొక్కలేదు. నొప్పి లేదు కదా అని పైకి చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతేమిటంటే నా హెల్త్ ఇన్సూరెన్స్‌లో పళ్లు లేవు, వాటికి వేరే పాలసీ కొనాలి. (పళ్లు ఒంట్లో భాగం కాదని ఎవరు తేల్చారో!) తోముకునేటప్పుడు వాష్‌బేసిన్‌లో ఎర్రగా కనిపిస్తే, గట్టిగా తోమానేమో అనుకుని కుళాయి తిప్పేసేవాణ్ణి.

కింది పన్ను ఒకటి నాలుకకు కదిలినట్టు తగిలాక టెన్షన్ మొదలైంది. పాలసీ తీసుకుని అపాయింట్‌మెంట్ పెట్టుకున్నాను. ఇంటర్‌ప్రెటర్ కావాలా అని అడిగితే అక్కర్లేదన్నాను. ఆఫీసులో రోజంతా వాళ్ల భాషే మాట్లాడతాను కదా అని ధీమా.

కుర్చీలో పడుకోబెట్టి, ఎలా ఉంటుందో చెప్పమన్నారు. జివ్వుమనడం, సలపడం, పోటు, గుంజడం ఇవన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. వాళ్ల భాషలో నాకు వచ్చింది ‘నొప్పి’ ఒక్కటే, అది నాకు లేదు. సిగ్గు విడిచి ఇంటర్‌ప్రెటర్‌ని అడిగితే ఫోన్‌లో కలిపారు. స్పీకర్‌లోంచి ఒకావిడ, “చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుందాండీ, ఊరికే ఉన్నా సలుపుతుందా?” అంది. నోరు తెరిచి ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడే నవ్వేసేవాణ్ణి.

తర్వాత గీతలున్న సన్నటి పుల్లలాంటి పరికరంతో పన్నుకీ చిగురుకీ మధ్య సందు ఎంత లోతుందో కొలిచారు. ఒక్కో పన్నుకు ఆరు చోట్ల. 3 మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదని, 4 నుంచి ఆలోచించాలని ముందే చెప్పారు. నర్సు అంకెలు చదువుతోంది: 2, 3, 2, 3, 4, 6. ఆమె గొంతేమీ మారలేదు గానీ నా గుండె జారింది. షుగర్ ఉందా అని అడిగారు. చిగుళ్ల జబ్బూ షుగరూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయట. పరీక్ష చేయించుకుని ఏళ్లయిందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

పళ్లను పట్టి ఉంచే ఎముక కొంత కరిగినట్టు ఎక్స్‌రేలో కనిపించింది. కరిగింది మామూలుగా తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి. దానికి డీప్ క్లీనింగ్, అంటే చిగురు కింద పట్టిన గార కూడా తీయడం, రెండు విడతల్లో. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని చిన్నప్పటి నుంచీ విన్న మాట అడిగేశాను. పట్టిన గారే పళ్లను అతికి పెట్టినట్టు ఉంటుందని, అది తీస్తే లోపలున్న వదులు బయటపడుతుందే తప్ప కొత్తగా రాదని డాక్టర్ చెప్పారు.

డబ్బు దగ్గర చిక్కొచ్చింది. నా పాలసీలో మామూలు క్లీనింగ్‌కి వెంటనే ఇస్తారు, దీనికి మాత్రం ఏడాది ఆగాలి. ఆగొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. రిసెప్షన్‌లో వాయిదాల సంగతి అడిగితే సరేనన్నారు. అడగకపోతే వాళ్లంతట వాళ్లు చెప్పేవాళ్లు కాదు.

క్లీనింగ్ అసలు భయపడినంత లేదు. మత్తు వదిలేదాకా పెదవి నాది కానట్టుంది, బుగ్గ ఓసారి కొరుక్కున్నాను. వాపు తగ్గాక పళ్ల మధ్య సందులు కనబడి కంగారుపడ్డాను. వాటిలో దూరే చిన్న బ్రష్ ఇచ్చారు. రోజూ రాత్రి ఐదు నిమిషాలు, విసుగే.

నెలన్నరకి మళ్లీ కొలిచారు. నోరు తెరిచి కూర్చుని నేనూ లెక్కపెట్టుకున్నాను. 6 ఉన్నచోట నర్సు 4 అంది. వెనక దవడ పన్ను దగ్గర మాత్రం ఇంకా 5.