స్కానర్ ఏంటెన్నాకి సీబీ సెట్టు తగిలిస్తే

మేముండేది టెక్సస్‌లో, డెంటన్. డాలస్ మీదుగా ఒకటి, ఫోర్ట్‌వర్త్ మీదుగా ఒకటి, రెండు పాయలుగా వచ్చే ఐ-35 హైవే మా ఊళ్ళోనే మళ్ళీ ఒకటవుతుంది. రాత్రీ పగలూ లారీలే. ఆ రోడ్డు మా ఇంటికి ఐదు కిలోమీటర్లు ఉంటుందేమో.

లారీవాళ్ళు మాట్లాడుకునేది సీబీలో (సిటిజన్స్ బ్యాండ్, లైసెన్సు లేకుండా ఎవరైనా మాట్లాడుకునే రేడియో) 19వ ఛానల్, అంటే 27.185 మెగాహెర్ట్జ్. పోలీసుని 'ఎలుగుబంటి' అంటారు, లారీలు తూచే చోటుని 'కోళ్ళగూడు' అంటారు. ఆఫీసుకి బయల్దేరే ముందు ఓ పావుగంట వింటే ఎక్కడ ఏ బండి బోల్తా పడిందో తెలుస్తుంది. మా ఆవిడకి చెప్పిన కారణం ఇది. అసలు కారణం, గరాజ్ సేల్‌లో పాత సీబీ సెట్టు 20 డాలర్లకి కనిపించడం.

దానితో పాటు వచ్చింది కారు టాప్ మీద పెట్టుకునే మ్యాగ్నెట్ ఏంటెన్నా. దాన్ని నా గదిలో ఇనుప బీరువా మీద నిలబెట్టాను. సిగ్నల్ బలం చూపే మీటరు ముల్లు ఏడు దగ్గర నిలబడిపోయింది. చూసి తెగ సంబరపడ్డాను. తీరా వింటే మూకుట్లో బూందీ వేగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ ఏడూ ఇంట్లో పుట్టిన రొదే.

పెరట్లో కంచె మూల, ఇంటికి 15 మీటర్ల దూరంలో, నాలుగు మీటర్ల గొట్టం మీద నా స్కానర్ (రకరకాల ఫ్రీక్వెన్సీలు వెతికి వినిపించే రేడియో) ఏంటెన్నా ఉంది. విమానాల మాటలు వినడానికి ఏడాది క్రితం పెట్టుకున్నది. డిస్కోన్ అంటారు. పైన చక్రం ఆకుల్లా కొన్ని ఊచలు, కింద ఏటవాలుగా మరికొన్ని, నడినెత్తిన ఒక పొడుగు పుల్ల. గాలివానకి గుడ్డ ఊడిపోయిన గొడుగులా ఉంటుంది. వీడియో కాల్‌లో చూసి మా నాన్న "బట్టలారేసుకోవడానికా?" అని అడిగారు.

సీబీ సెట్టుని దానికి తగిలిస్తే? లెక్క ప్రకారం పనికిరాకూడదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 11 మీటర్లు, అందులో పావు వంతు రెండుముప్పావు మీటర్లు. నా గొడుగు ఊచలు మీటరు కూడా లేవు. డబ్బా మీద '25 నుంచి 1300 మెగాహెర్ట్జ్' అని ఉంటుంది గానీ, ఆ 25ని పెళ్ళిసంబంధంలో చెప్పే అబ్బాయి జీతంలా తీసుకోవాలి.

స్కానర్ కేబుల్‌కి ఉండేది బీఎన్‌సీ, అంటే తిప్పి బిగించే చిన్న పిన్ను, సీబీ వెనక ఉండేది మర పిన్ను. మధ్యలో మూడు డాలర్ల అడాప్టర్ పెట్టి బిగించాను. ముల్లు దబ్బున ఒకటికి పడిపోయింది. అనుకున్నదే అయింది, విప్పేద్దామని చెయ్యి పెట్టానో లేదో, ఎవరో పెద్దాయన దక్షిణంగా వెళ్ళే లేన్‌లో టైరు ముక్క పడి ఉందని చెబుతున్నాడు. ముల్లు రెండు దాటలేదు. మాట మాత్రం పక్క గదిలోంచి వచ్చినంత స్పష్టంగా ఉంది.

నాకు రెండు రోజులు పట్టింది ఇది బుర్రకెక్కడానికి. ఈ ఫ్రీక్వెన్సీలో వినడానికి అడ్డం వచ్చేది సిగ్నల్ తక్కువ కావడం కాదు, రొద ఎక్కువ కావడం. పొట్టి ఏంటెన్నా మాటనీ తక్కువే పడుతుంది, రొదనీ తక్కువే పడుతుంది. ఆ తేడాని సెట్టు లోపలి ఆంప్లిఫయర్ సర్దుకుంటుంది. పైగా ఛార్జర్లూ రౌటరూ ఎల్‌ఈడీ దీపాలూ ఉన్న ఇంటికి 15 మీటర్ల దూరంలో ఉందాయె. నా డిస్కోన్ గొప్పతనం దాని ఆకారంలో లేదు, అది నిలబడ్డ చోటులో ఉంది. అంతే దూరంలో మామూలు తీగ కట్టినా ఇంచుమించు ఇలాగే వినపడేదేమో.

ఇక్కడిదాకా బాగానే ఉంది. మనిషికి ఆశ కదా. మైకు తీసి బటన్ నొక్కి "రేడియో చెక్" అన్నాను, నా మాట ఎవరికైనా వినపడుతోందా అని. జవాబు లేదు. మళ్ళీ అన్నాను. ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త సేపు. నాలుగోసారికి సెట్టు వెనక వైపు చెయ్యి పెట్టలేనంత వేడి, కాలిన వాసన. పంపిన నాలుగు వాట్లలో చాలా భాగం ఆ ఏంటెన్నా పుచ్చుకోకుండా వెనక్కి తోసేసింది, చివరి ట్రాన్సిస్టర్ పోయింది. ఏంటెన్నా ఎంత వెనక్కి తోసేస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు నా సొరుగులోనే ఉంది. ముందే పెట్టి చూస్తే ఒక్క నిమిషం పని. ఇప్పుడు ఆ సెట్టు వింటుంది, మాట్లాడదు. మా ఆవిడకి ఇది భలే నచ్చింది. ఎందుకో చెప్పక్కర్లేదు.

మిగిలిన కాస్త రొద కేబుల్ పై పొర పట్టుకుని ఇంట్లోంచి ఏంటెన్నా దాకా నడిచి వెళుతోందని అనుమానం వచ్చింది. సెట్టు దగ్గర కేబుల్‌ని, ఇలాంటి రొదని అడ్డుకునే ఫెరైట్ రింగు చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టాను. చాలావరకు తగ్గింది. ఇంకా ఏదో గుయ్యిమంటోంది. ఆదివారం మధ్యాహ్నం సెట్టుని బ్యాటరీ మీద పెట్టి, ఇంటి బ్రేకర్లు ఒక్కొక్కటే దించుకుంటూ పోయాను. దొంగ దొరికింది: దేవుడి మందిరానికి కట్టిన ఎల్‌ఈడీ తోరణం, సరిగ్గా చెప్పాలంటే దాని అడాప్టర్.

ఏంటెన్నాలు పోల్చి చూసేవాళ్ళకి ఒక్క మాట. మధ్యలో స్విచ్ పెట్టుకుని, ఒకే మనిషి మాట్లాడుతుండగా అటూ ఇటూ తిప్పి వినండి. ముల్లుని చూడకండి, మాట ఎంత తెలుస్తోందో చూడండి. స్క్వెల్చ్ (బలహీనమైన చప్పుళ్ళని నొక్కేసే మీట) పూర్తిగా తెరిచి ఉంచండి. సూర్యుడి మీద అలజడి ఎక్కువగా ఉన్న రోజుల్లో (ఎండ సంగతి కాదు) మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు అలలు వాతావరణంలో బాగా పైనున్న అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి వందల మైళ్ళ అవతల దిగుతాయి, ఆరో ఛానల్‌లో ఎక్కడెక్కడివాళ్ళో అరుస్తుంటారు. ఆ రోజు బీరువా మీది మ్యాగ్నెట్ ఏంటెన్నా కూడా మొనగాడే.

మాట్లాడే సెట్టు ఇంకోటి కొనాలి. దానికి వేరే తీగ, ఒక్కో వైపు రెండు మీటర్ల 62 సెంటీమీటర్లు, కొలిచి కత్తిరించి పెట్టుకున్నాను. తోరణం సంగతి దసరా అయ్యాక చూద్దామంది మా ఆవిడ. అందాకా పొద్దున ఆ పావుగంటకి మాత్రం ప్లగ్గు తీసేలా ఒప్పందం. దీపం వెలిగించేది నేనే అని షరతు.