తెలుగు మానేస్తే మాటలొస్తాయా?

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పిల్లాడికి మాట కుదురుగా రాకపోతే అందరూ ఒకటే చెప్తారు: ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, పైన హిందీ, ఇంగ్లీషు, పాపం తికమకపడుతున్నాడు, పెద్దయితే సర్దుకుంటుందిలే అని. మా చెల్లెలి కొడుకు తొమ్మిదో క్లాసుకొచ్చాడు. ఏమీ సర్దుకోలేదు.

వాడికి చెవులు బాగానే వినిపిస్తాయి, నత్తి లేదు, తెలివికి లోటు అసలే లేదు. వాళ్ల నాన్న కొట్లో కూర్చోబెడితే ఐదొందల నోటుకి చిల్లర టక్కున లెక్కగట్టి ఇస్తాడు. అదే లెక్క పుస్తకంలో "ఒక వర్తకుడు ఒక వస్తువును పది శాతం నష్టానికి అమ్మగా..." అంటూ మూడు వరుసలు సాగిందా, మొదటి వరుసలోనే ఆగిపోతాడు. బళ్లో గొడవేంట్రా అని అడిగితే "వాడు... అది పడింది... సార్ కోప్పడ్డారు" అంటాడు, ఎవడు, ఏది, ఎందుకు అన్నవి మనమే పూరించుకోవాలి. ఒడియాలో అడిగినా ఇదే వరస.

పట్టించుకోవాల్సింది ఈ చివరి సంగతినే. ఏ భాషలోనైనా విన్నది అర్థం చేసుకోవడం, అనుకున్నది వాక్యాల్లో చెప్పడం కష్టమయ్యే ఈ ఇబ్బందిని డెవలప్‌మెంటల్ లాంగ్వేజ్ డిజార్డర్ అంటారు, 2017లో ఇంగ్లీషు మాట్లాడే దేశాల నిపుణులు కూడి ఈ పేరు ఖాయం చేశారు. అరుదైనదేమీ కాదు, ఇంగ్లండులో లెక్క తీస్తే బడిలో చేరే వయసు పిల్లల్లో 7 శాతం పైనే తేలింది, అంటే ముప్పై మంది క్లాసులో ఇద్దరన్నమాట. రెండు భాషలు వినడం వల్ల ఇది రాదు. ఉంటే రెండింట్లోనూ కనిపిస్తుంది. ఒడియా అలవాటు కాక వచ్చిన చిక్కే అయితే తెలుగులో గలగలా మాట్లాడాలి కదా!

అందుకే రెండు భాషల్లోనూ పరీక్షించాలి. మాకు జరిగిందేంటంటే, విశాఖలో తెలుగులో చూసి "ఇది స్కూలు భాషతో సమస్య, బడి మార్చండి" అన్నారు, బరంపురంలో ఒడియాలో చూసి "ఇంట్లో తెలుగు మానేయండి" అన్నారు. మానేస్తే వాడు వాళ్ల నాయనమ్మతో ఏ భాషలో మాట్లాడాలి? ఆవిడకి కూరగాయల బేరానికి సరిపడా ఒడియా తప్ప రాదు. ఇంటిల్లిపాదీ వచ్చీరాని ఒడియాలో మాట్లాడితే ఉన్న ఆ కాస్త మాట కూడా పోతుంది.

అసలు కష్టం హైస్కూల్లోనే మొదలవుతుంది. చిన్న క్లాసుల్లో బొమ్మలూ పాటలూ ఉంటాయి, ఇక్కడికొచ్చేసరికి "కారణాలు వ్రాయండి", "భేదములు తెల్పండి", అన్నీ వాక్యాలతోనే పని. మాట, భాష మెరుగుపరిచే స్పీచ్ థెరపీ మాత్రం చిన్నపిల్లల వ్యవహారం అనే అనుకుంటారు. విద్యాహక్కు చట్టం 14 ఏళ్లతో ఆగుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 18 దాకా ఉచిత చదువు అంటుంది గానీ దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ కావాలి, పైగా ఆ చట్టంలో మాట, భాషా వైకల్యానికి ఇచ్చిన ఉదాహరణలు స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం లాంటివి. మావాడు అందులో ఎక్కడ ఇముడుతాడు చెప్పండి? సుప్రీంకోర్టు 2021లో పై తరగతుల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలంది. మా దగ్గర ఆ ఒక్క టీచరూ ఎన్ని బళ్లని తిరగగలరు.

ఈలోగా వాణ్ని కాస్త ఒడ్డున పడేసింది వాళ్ల సైన్సు మాస్టారు. ఒడియా ఆయన, ఏ ట్రైనింగూ లేదు. పాఠానికి ముందు రోజే అందులో వచ్చే కొత్త మాటలు ఐదారు ఒక కాగితం మీద బొమ్మలు గీసి ఇస్తారు, పక్కన మావాడు తెలుగులో రాసుకుంటాడు. ప్రశ్న అడిగాక వెంటనే ఇంకొకణ్ణి లేపరు, వెనక బెంచీలవాళ్లు అరిచినా చెయ్యెత్తి ఆపి మౌనంగా ఎదురుచూస్తారు. జవాబు మొదలుపెట్టలేకపోతే "ఎందుకంటే..." అని అందిస్తారు, మిగతాది వాడు ముక్కలు ముక్కలుగానైనా పూర్తి చేస్తాడు. మొన్న మావాడు బ్లాక్‌బోర్డు మీద కరెంటు సర్క్యూట్ గీసి, స్విచ్ తెరిస్తే బల్బు ఎందుకు ఆరిపోతుందో తనే చెప్పాడట. మా చెల్లి ఫోన్లో "అక్కా, బోర్డు దగ్గరికెళ్లాడే" అని ఒకటే ఏడుపు.

మెట్రిక్, అంటే పదో తరగతి పరీక్ష సంగతే ఇప్పుడు టెన్షన్. సర్టిఫికెట్ వస్తే గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇవ్వాలని నిబంధన ఉంది. రాకపోతే? ఎన్ఐఓఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ అయితే పదో తరగతి తెలుగులోనూ రాయొచ్చు, ఒడియాలోనూ రాయొచ్చు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. నాకైతే ఇదే నయమనిపిస్తుంది. మా మరిదికి, అంటే వాడి నాన్నకి, "ఓపెన్" అంటే ఫెయిలైనవాళ్ల చదువని గట్టి అభిప్రాయం, ఆ వాదన ఇంట్లో ఇంకా తెగలేదు.

రెండు భాషలూ వచ్చిన స్పీచ్ థెరపిస్టు రాయగడ, గుణుపురం, బరంపురం వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి. ఎంత దూరమైనా వస్తాం.