రాగి తీగ పోయి గాజు పోగు వచ్చింది

నిన్న పాత ఫోన్ లైన్ నెట్ తీయించేశాను. పది రోజులు పాతదీ, గాజు పోగులో వచ్చే ఫైబర్ నెట్టూ రెండూ నడిపాను, కొత్తది నిలకడగా ఉందని చూసుకోకుండా పాతది వదులుకునే ధైర్యం రాలేదు. ఇంటి నుంచి పని చేసేవాళ్ళుంటే మీరూ ఇలాగే చేయండి.

నేను మారింది డౌన్‌లోడ్ కోసం కాదు, అప్‌లోడ్ కోసం. వీడియో కాల్‌లో అవతలివాళ్ళు నాకు బాగానే కనిపించేవాళ్ళు, నేనే వాళ్ళకి బొమ్మలా బిగుసుకుపోయేదాన్ని. ఏడీఎస్ఎల్‌లో, అంటే ఆ పాత ఫోన్ తీగ మీద వచ్చే నెట్‌లో, అప్‌లోడ్‌కి ఇచ్చే వాటానే చిన్నది, పైగా రాగి తీగ పొడవయ్యేకొద్దీ సిగ్నల్ పలచబడుతుంది, వానాకాలం జాయింట్లలో తడి చేరితే ఇక చెప్పక్కర్లేదు. గాజులో నడిచేది వెలుగు కాబట్టి ఆ బాధలు లేవు, పక్కనే కరెంటు తీగ ఉన్నా దానికేం తేడా రాదు.

బిగించడానికి వచ్చిన అబ్బాయి పనిమంతుడు. కేబుల్ పైతొడుగు ఒలిచి లోపలి పోగు చూపించాడు. మొత్తం మందం 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో వెలుగు వెళ్ళే నడిమి భాగం 9 మైక్రాన్లే. దాన్ని స్పిరిట్‌తో తుడిచి, కొస సమంగా కోసి, మెషీన్‌లో పెడితే చిన్న మెరుపు మెరిసి రెండు గాజు కొసలూ కరిగి ఒకటయ్యాయి. కోసిన ముక్కల్ని టేపుకి అంటించి జాగ్రత్తగా పారేశాడు, అవి కాలికి గుచ్చుకుంటే వెతికినా కనపడవట. ఇంట్లోకి వచ్చే కేబుల్ కొసని కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదని పిల్లలకి తప్పకుండా చెప్పండి, అందులో వచ్చే వెలుగు ఇన్‌ఫ్రారెడ్, కంటికి ఆనదు, కానీ కంటిలోకి పోతుంది.

తర్వాత మీటర్ పెట్టి, ఇంటిదాకా వచ్చే వెలుగు బలం మైనస్ 21 డీబీఎం అని చూపించాడు (డీబీఎం ఆ బలాన్ని కొలిచే లెక్క, మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ). మీ ఇంట్లో ఎంత వచ్చిందో అడిగి రాసిపెట్టుకోండి, నాకు మూడో రోజే పనికొచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచి, కేబుల్ వచ్చి తగిలే ఫైబర్ బాక్స్ మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ అందట్లేదని గుర్తు) అని రాసున్న ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ, నెట్ వస్తూ పోతూ ఉంది, ముఖ్యమైన కాల్ ముందు ఒకటే టెన్షన్. బాక్స్ సెట్టింగ్స్ పేజీ తెరిస్తే అంకె మైనస్ 28కి పడిపోయి ఉంది. ప్రతి 3 డీబీకి వెలుగు సగమవుతుంది, 7 తగ్గిందంటే ఐదో వంతే మిగిలిందన్నమాట. తీరా చూస్తే, ముందురోజు గది సర్దుతూ బీరువాని గోడకి జరిపాం, కేబుల్ దాని వెనక చిక్కి మడతపడింది. పోగు విరగలేదు, కానీ అంత బిగువుగా వంగిన చోట వెలుగు పక్కకి కారిపోతుంది. బీరువా జరిపి కేబుల్‌ని వెడల్పాటి చుట్టగా వదిలేసరికి మళ్ళీ మైనస్ 21. ఇంట్లో ఎక్కడా దాన్ని కాగితంలా మడవకండి, మేకు కొట్టి బిగించకండి.

బాక్స్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర కూడా పట్టుబట్టాల్సి వచ్చింది. కేబుల్ లోపలికొచ్చే చోటే, గుమ్మం పక్కన పెట్టేస్తానన్నాడు. ఇంకాస్త కేబుల్ లాగి ఇంటి మధ్యలో పెట్టించాను, ఎందుకంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై దగ్గర్లో వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. నా బల్లకి మాత్రం వైఫై కాదు, బాక్స్ నుంచి నేరుగా లాన్ వైరే. ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా బాక్స్ మూలన పడుంటే వెనక గదిలో ఆ డబ్బు దండగే.

ఒక్క విషయం నన్ను నిజంగా కలవరపెట్టింది. పాత ల్యాండ్‌లైన్‌కి కావాల్సిన కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే తీగలో వచ్చేది, ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ మోగేది. ఫైబర్‌లో కరెంటు రాదు, బాక్స్ ఆగితే దానికి తగిలించిన ఫోనూ ఆగిపోతుంది. అమ్మకి మొబైల్ అలవాటు లేదు, పగలు ఒక్కతే ఉంటుంది. అందుకే పాత లైన్ తీయించే ముందే బాక్స్‌కి చిన్న యూపీఎస్ కొన్నాను, మెయిన్ ఆపేసి, బయట నుంచి ఇంటికి ఫోన్ చేసి, అమ్మ ఎత్తాకే తీసేయమని చెప్పాను.