మా క్యారవాన్ ఛార్జింగ్ మార్పు: మన్ననూరు నుంచి సూర్యలంక దాకా

శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర రాత్రి 9 గంటలకు గేటు వేసేస్తారు. అడవి దారి మళ్ళీ తెరిచేది ఉదయం 6 గంటలకే. ఆ సంగతి తెలిసే మేము ఇవతలే బండి ఆపుకుని పడుకున్నాం. ఏప్రిల్ ఉక్క. రాత్రి ఒంటిగంటకు ఫ్రిజ్ చప్పుడు ఆగిపోయింది, కాసేపటికి ఫ్యాను కూడా. మీటర్ చూస్తే 11.2 వోల్టులు. పొద్దున్నే అమ్మ కాఫీ కోసం పాలు పెడితే విరిగిపోయాయి. మూడు గంటలు ఆగకుండా నడిపి వచ్చిన బండిలో నాలుగు గంటలకే బ్యాటరీ ఎలా ఖాళీ అవుతుంది? ఆ ప్రశ్నతోనే ఈ పని మొదలైంది.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న టెంపో ట్రావెలర్ క్యారవాన్. వెనక సీటు కింద 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు లెక్క) ట్యూబులర్ లెడ్ బ్యాటరీ, దాన్ని ఇంజన్ బ్యాటరీతో కలిపే ఒక రిలే (ఆటోమేటిక్ స్విచ్), పైన 100 వాట్ల సోలార్ ప్యానెల్, ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్. మూడేళ్లలో రెండు ట్యూబులర్ బ్యాటరీలు మార్చాం. రెండుసార్లూ బ్యాటరీ నాసిరకం అనుకున్నాం.

మొదటి ఆదివారం

ఈసారి ఏమీ కొనకముందే కొలవాలనుకున్నాను. నా పాత క్లాంప్ మీటర్ ఏసీ కరెంటునే కొలుస్తుంది, బ్యాటరీ వైరుకు తగిలిస్తే సున్నా చూపిస్తుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో డీసీ ఆంప్స్ చూపించే క్లాంప్ మీటర్ తెచ్చుకున్నాను. కొనేటప్పుడు ఇది గట్టిగా అడగండి. చవక మీటర్లలో డీసీ వోల్టులు ఉంటాయి, డీసీ ఆంప్స్ ఉండవు.

మా కాలనీ చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి ఇంజన్ స్టార్ట్ చేసి, కొంచెం రేజ్ చేసి పట్టుకున్నాడు.

"డైనమో మంచిగనే ఉంది సార్. ముంగట 14.1 వస్తుంది. వెనక పెట్టి చూడుండ్రి."

వెనక బ్యాటరీ మీద 13.1. వైరులో పారుతున్నది 20 ఆంప్స్.

"ఒక వోల్టు దారిలోనే పోతుంది సార్. వైరు సన్నగుంది."

ఆయన ఒక్క మాటలో చెప్పింది నేను ఇంటికెళ్ళి లెక్క వేసి చూశాను. బాడీ కట్టినవాళ్ళు వేసింది 6 స్క్వేర్ ఎంఎం వైరు. దాని రెసిస్టెన్స్ మీటరుకు దాదాపు 3.1 మిల్లీ ఓమ్స్. ముందు నుంచి వెనక్కి 7 మీటర్లు, మళ్ళీ నెగటివ్ వైరు 7 మీటర్లు. 14 మీటర్లకు 43 మిల్లీ ఓమ్స్. 20 ఆంప్స్ పారితే 0.86 వోల్టు అక్కడే పోతుంది. మిగిలింది రిలే దగ్గర, జాయింట్ల దగ్గర. ట్యూబులర్ బ్యాటరీ పూర్తిగా నిండాలంటే 14.4 వోల్టుల దగ్గర కొన్ని గంటలు ఉండాలి. మాది ఆ దరిదాపులకే పోలేదు. ఎప్పుడూ సగం కడుపుతో ఉన్న లెడ్ బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, దాని కెపాసిటీ నెలనెలా తగ్గిపోతుంది. మా బ్యాటరీలు నాసిరకంవి కావు, పస్తులుండి పోయాయి. ఆ రెండింటి మీదా అనవసరంగా నింద వేశాననిపించింది.

నమ్మకం కోసం వెనక బ్యాటరీ నెగటివ్‌లో 500 ఆంప్స్ షంట్ (ఎక్కే, దిగే కరెంటును కొలిచే పట్టీ) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టి విజయవాడ వెళ్ళాను. 5 గంటల ప్రయాణం. మొదట 20 ఆంప్స్ ఎక్కి, గంట తిరిగేసరికి 8కి దిగిపోయింది. దిగేటప్పటికి మొత్తం ఎక్కింది 45 ఏహెచ్. మా ఫ్రిజ్, ఫ్యాను, లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్లు కలిపి రోజుకు 85 ఏహెచ్ దాకా తింటాయి. ఇక ఎక్కడ సరిపోతుంది?

మీ బండిలో ఏ సమస్య ఉన్నా ఈ షంట్ మానిటర్ ముందు పెట్టుకోండి. వోల్టేజ్ చూసి బ్యాటరీ ఎంతుందో చెప్పడం కుండలో చెయ్యి పెట్టకుండా బియ్యం కొలవడం లాంటిది. లిథియంలో అయితే మరీ, నడుమ 80 శాతానికీ 40 శాతానికీ వోల్టేజ్‌లో పెద్ద తేడా ఉండదు.

లిథియం, డీసీ-డీసీ ఛార్జర్

కొత్త బ్యాటరీ 12.8 వోల్టుల, 200 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. పాత 150 ట్యూబులర్‌లో నిజంగా వాడుకోదగ్గది సగమే, 75 ఏహెచ్. అంతకు మించి దింపితే ఆయుష్షు తగ్గుతుంది. లిథియంలో 160 దాకా హాయిగా వాడుకోవచ్చు. బరువు కూడా సగం కంటే తక్కువ. పాతదాన్ని దించడానికి ఇద్దరం పట్టాం, దీన్ని నేనొక్కడినే సీటు కింద పెట్టాను.

అయితే ట్యూబులర్ తీసి అదే రిలేకు లిథియం తగిలించకూడదు. ఇది చాలామంది చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. లిథియంకు లోపలి రెసిస్టెన్స్ చాలా తక్కువ. డైనమో ఎంత ఇస్తే అంతా లాగేస్తుంది. ట్రాఫిక్‌లో బండి నిలబడి ఉన్నప్పుడు డైనమో మెల్లగా తిరుగుతుంది, దాని ఫ్యాను గాలి తక్కువ, లోడ్ మాత్రం ఎక్కువ. అలా వైండింగ్ వేడెక్కి కాలిపోవచ్చు. ఇక మధ్యలో బ్యాటరీ నిండి లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఒక్కసారిగా లైను తెంపేస్తే వోల్టేజ్ ఎగసి డైనమో డయోడ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ రిలే బదులు ఇంజన్ బ్యాటరీకీ లిథియంకూ మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉంటే, అది తనకు పెట్టిన హద్దు మేరకే లాగుతుంది, తగ్గిన వోల్టేజ్‌ను తనే పెంచి 14.2 ఇస్తుంది, డైనమోకు ఇంజన్ బ్యాటరీ ఎప్పుడూ తోడుగా ఉంటుంది. నేను 30 ఆంప్స్‌ది తీసుకున్నాను.

30 ఆంప్స్ ఇవ్వాలంటే అది లోపలికి 35 దాకా లాగుతుంది. అందుకే పాత 6 ఎంఎం వైరు పీకేసి 25 స్క్వేర్ ఎంఎం వేశాను. చాసిస్ ఎర్త్‌ను నమ్మకుండా నెగటివ్ కూడా అదే సైజులో విడిగా లాగాను. లెక్క ప్రకారం 0.4 వోల్టు పోవాలి. బిగించాక కొలిస్తే ముందు 13.9, ఛార్జర్ దగ్గర 13.4. లెక్కకు దగ్గరగానే వచ్చింది. ఫ్యూజ్‌లో, లగ్గుల్లో (వైరు కొసలకు బిగించే లోహపు ముక్కలు) కొంచెం పోతుంది కదా.

వైరు రాణీగంజ్‌లో కొన్నాను. వెల్డింగ్ కేబుల్ మెత్తగా వంగుతుంది కాబట్టి బండికి బాగుంటుంది. కానీ జాగ్రత్త, చవకగా దొరికేదాంట్లో లోపల అల్యూమినియం ఉంటుంది, కొన్నిటికి పైన రాగి పూత కూడా ఉంటుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకితే తెల్లగా కనపడుతుంది. ఇంకా నమ్మకమైన పరీక్ష తూకం. 25 ఎంఎం రాగి, పైన తొడుగు తీసేసి, మీటరుకు 220 గ్రాములు ఉండాలి. అల్యూమినియం అయితే 70 గ్రాములు కూడా తూగదు. మొదటి షాపులో చూపించిన ముక్క గీకి చూసి వెనక్కి ఇచ్చేశాను, రెండో షాపులో తీసుకున్నాను.

లగ్గులు సుత్తితో కొట్టి బిగించకండి. రోజుకు 900 రూపాయలకు హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ అద్దెకు దొరికింది. ఎనిమిది లగ్గులు, మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. ఒకటి కోసి చూస్తే పోగులన్నీ ఒకే ముద్దలా కనపడ్డాయి. ఆ ముద్ద చూసినప్పుడు కలిగిన తృప్తి ఈ పని మొత్తంలో ఇంకెక్కడా కలగలేదు.

ఫ్యూజ్ విషయం. ముందు నుంచి వెనక్కి పోయే పాజిటివ్ వైరుకు రెండు కొసల్లోనూ ఎనర్జీ ఉన్న బ్యాటరీలే ఉన్నాయి. మధ్యలో ఎక్కడ ఒరుసుకుపోయి బాడీకి తగిలినా ఆ వైపు బ్యాటరీ నుంచి కరెంటు దూకుతుంది. అందుకే ప్రతి బ్యాటరీ నుంచి జానెడు దూరంలోపే ఒక ఫ్యూజ్ ఉండాలి. ఇంజన్ బ్యాటరీ దగ్గర 60 ఆంప్స్‌ది వేశాను. లిథియం దగ్గర క్లాస్ టి ఫ్యూజ్. లిథియం షార్ట్ అయితే వేల ఆంప్స్ వస్తాయి, మామూలు ఫ్యూజ్ కరిగినా లోపల లేచే మెరుపు (ఆర్క్) మీదుగా కరెంటు ఆగకపోవచ్చు. ఇది ఇక్కడి షాపుల్లో దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ బ్యాటరీ డబ్బాలోనే ఉంచాను. ఇంట్లో అందరూ అడిగారు, ఈలోగా వేరేది వేసి వాడొచ్చు కదా అని. పిల్లలు ఆ సీటు మీదే పడుకుంటారు. కుదరదన్నాను.

సెల్ఫ్ పట్టని ఉదయం

ఛార్జర్ ఎప్పుడు పనిచేయాలో చెప్పడానికి ఒక సన్న వైరు ఇవ్వాలి. నేను తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చే లైను నుంచి ఇచ్చాను. ఒక ఆదివారం పిల్లలు తాళం ఆన్‌లో పెట్టి గంటన్నర పాటలు విన్నారు. ఇంజన్ ఆగే ఉంది, ఛార్జర్ మాత్రం ఇంజన్ బ్యాటరీలోది వెనక్కి తోడేసింది. సెల్ఫ్ పట్టలేదు. పక్కింటి కారు నుంచి జంపర్ తీసుకున్నాం. ఆ సాయంత్రమే ఆ వైరును డైనమో మీద ఉన్న డీ ప్లస్ టెర్మినల్‌కు మార్చాను. ఇప్పుడు ఇంజన్ నిజంగా తిరిగితేనే ఛార్జర్ లేస్తుంది. కొత్తగా చేసేవాళ్ళు మొదటే అక్కడి నుంచి తీసుకోండి.

మే నెల: వేడి

ఇది నేను ముందుగా ఆలోచించని విషయం, అందుకే ఎక్కువ రోజులు పట్టింది. మే రెండో వారంలో మళ్ళీ విజయవాడ బయల్దేరాం. సూర్యాపేట దాకా 30 ఆంప్స్ బాగానే ఎక్కింది, తర్వాత మెల్లగా దిగుతూ 20కి వచ్చింది. వైరు ముట్టుకుంటే చల్లగానే ఉంది. సీటు తెరిచి థర్మామీటర్ పెడితే లోపల 52 డిగ్రీలు. ఇలాంటి ఛార్జర్లు 40 డిగ్రీలు దాటితే తమను తాము కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకుంటాయి. పైగా 30 ఆంప్స్ ఇచ్చేటప్పుడు అదే 50, 60 వాట్ల వేడిని వదులుతుంది. మూసి ఉన్న పెట్టెలో ఒక బల్బు వెలిగించి పెట్టినట్టే.

మూడు మార్పులు చేశాను. పడుకోబెట్టి బిగించిన ఛార్జర్‌ను తీసి, దాని రెక్కలు నిలువుగా ఉండేలా గోడకు బిగించాను. పెట్టెకు కింద ఒకవైపు, పైన ఎదురుగా రంధ్రాలు చేసి జాలీ వేశాను. కంప్యూటర్లలో వాడే 120 ఎంఎం ఫ్యాన్లు రెండు, 40 డిగ్రీలకు ఆన్ అయ్యే థర్మోస్టాట్ స్విచ్‌తో పెట్టాను. ఆ తర్వాతి ప్రయాణంలో, బయట 42 ఉన్న రోజు కూడా, కరెంటు 27 ఆంప్స్ కంటే కిందికి దిగలేదు. ఐదు గంటల్లో 138 ఏహెచ్ ఎక్కింది. అదే దారి, అదే డైనమో. పాత లెక్కలో 45.

సోలార్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 335 వాట్ల ప్యానెల్, 30 ఆంప్స్ ఎంపీపీటీ (సోలార్ ఛార్జ్ కంట్రోలర్). పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెల్ నుంచి మే మిట్టమధ్యాహ్నం నేను చూసిన గరిష్ఠం 255 వాట్లు. వేడికి ప్యానెల్ తగ్గడం మామూలే. రోజు మొత్తం మీద 100 ఏహెచ్ అటూఇటూ వస్తోంది.

ఇంటి ఇన్వర్టర్ తీసేశాను. దానిలో ట్యూబులర్ ఛార్జింగ్ తప్ప లిథియం మోడ్ లేదు. దాని బదులు 14.4 వోల్టుల దగ్గర ఆగే 20 ఆంప్స్ లిథియం ఛార్జర్ విడిగా, చట్నీకి మిక్సీ తిప్పుకోవడానికి 1000 వాట్ల ప్యూర్ సైన్ ఇన్వర్టర్ విడిగా పెట్టాను. ఇండక్షన్ పొయ్యి పెట్టమని మా బావగారు అడిగారు. 2000 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 170 ఆంప్స్ పైమాటే, ఆ వైర్లూ ఫ్యూజులూ వేరే లెక్క. గ్యాస్‌తోనే ఉన్నాం. అన్నీ కలిపి ఖర్చు 1,10,000 రూపాయలు దాటింది, అందులో సగం బ్యాటరీదే.

డిసెంబర్: లంబసింగి

లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, సెల్స్ శాశ్వతంగా దెబ్బతింటాయి. మన దగ్గర ఆ భయం ఉన్న చోటు లంబసింగి ఒక్కటే గుర్తొచ్చింది. తెల్లవారి 5 గంటలకు బయట 4 డిగ్రీలు, సీటు కింద బ్యాటరీ మీద 11. మనుషులు పడుకున్న బండిలో అది ఇంకా దిగదు. హీటర్ ప్యాడ్ కొందామనుకున్న ఆలోచన మానుకున్నాను.

జనవరి: సూర్యలంక

బాపట్ల దగ్గర తీరంలో రెండు రాత్రులు, ఇంజన్ అస్సలు స్టార్ట్ చేయలేదు. రెండో రోజంతా మబ్బు. మూడో రోజు పొద్దున మానిటర్‌లో 41 శాతం. ఫ్రిజ్ ఒక్క నిమిషం కూడా ఆగలేదు. అమ్మ పాలు కాచి, విరగలేదురా అంటూ కాఫీ గ్లాసు చేతికిచ్చింది.

ఇంటికి వచ్చాక ముట్టుకోకుండానే వేడి చూపించే ఐఆర్ థర్మామీటర్‌తో లగ్గులన్నీ చూశాను. 35 ఆంప్స్ పారుతున్నప్పుడు ఏడు 38, 39 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ముందు ఎర్త్ లగ్గు మాత్రం 51. విప్పితే ఉప్పుగాలికి పచ్చటి పొర పట్టి ఉంది. దాని మీద నేను హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) చివరి దాకా లాగలేదు. టిన్ పూత ఉన్న లగ్గు తెచ్చాను, ఈ శనివారం క్రింపింగ్ టూల్ మళ్ళీ అద్దెకు తీసుకుని దాన్ని మార్చి, అన్నిటి మీదా పెట్రోలియం జెల్లీ పూస్తాను.